నాలుగు పలకల కట్టె

మా నాయినమ్మకు కళ్లు సరిగ్గా కనిపించేవి కావు. రెండు కళ్లలో పొరలు వచ్చాయి, ఆపరేషన్ అంటే భయం, ఎవరెంత చెప్పినా వినలేదు. అయినా వినాయక చవితికి ముందు రోజు, పొద్దు వాలే వేళకు తుమ్మికూర తెంపుకొచ్చేది మాత్రం ఆమెనే. నన్ను తోడు తీసుకుపోయేది, తోడు అంటే గంప మొయ్యడానికి అన్నమాట. చెల్క గెట్టు మీద గొంతుకూర్చుని, చేతికందిన మొక్క కాండాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి తిప్పేది, బీడీలు చేసేవాళ్లు ఆకు చుట్టినట్టు. నాలుగు పలకలు వేలికి తగిలితే గంపలోకి, గుండ్రంగా జారిపోతే అక్కడే. ఆ తర్వాత ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేది. అంతే, రెండు పరీక్షలు, రెండు సెకన్లు.

"కట్టె వట్టి చూడు బిడ్డా, నాలుగు పలకలున్నయా లేదా. ఆకుల్ని చూస్తె అన్నొక్కతీర్గనే ఉంటయి" అనేది.

మాది పరకాల దగ్గర పల్లె. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను, ఇరవై ఏళ్లు దాటింది. ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా ఆఫీసులో గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చినామె "మీరు చవితికి తుమ్మ ఆకు తింటారంట కదండీ, ముళ్లు గుచ్చుకోవా" అని అమాయకంగా అడిగింది. తుమ్మ వేరు, తుమ్మి వేరు తల్లీ అని చెప్పి, నవ్వు ఆపుకోలేక కింద పడినంత పనయింది. తుమ్మ ముళ్ల చెట్టు. తుమ్మి జానెడు, మూరెడు ఎత్తుకు మించని చిన్న మొక్క, సన్నటి పొడుగాటి ఆకులు, కణుపు కణుపుకీ గుత్తిగా తెల్లటి పూలు. శివుడికి పెడతారే, ద్రోణపుష్పం అంటారు, అదే. మా వైపు చవితి నాడు ఉండ్రాళ్లు ఉన్నా లేకపోయినా తుమ్మికూర ముద్ద నోట్లో పడకపోతే పండుగ చేసినట్టు కాదు. ఎందుకు తినాలి అని నేను చిన్నప్పుడు అడిగితే నాయినమ్మ "తినాలె" అంది. ఇప్పటికీ నా దగ్గర అంతకంటే మంచి జవాబు లేదు.

కమ్మగా ఉంటుందా అంటే అబద్ధం చెప్పను. చేదు. పెసరపప్పు వేసి, చింతపండు పులుసు పోసి, ఎండుమిరపకాయల తాలింపు పెడితే ఆ చేదు కాస్త వెనక్కి తగ్గుతుంది, పోదు. గంపెడు ఆకు ఉడికితే గుప్పెడు అవుతుంది. అందుకే అంతసేపు తెంపాల్సి వచ్చేది.

అది ఎక్కడ పెరుగుతుందో నాయినమ్మకు ఇంటి అర్రలు తెలిసినట్టు తెలుసు. రేగడి పొలాల్లోకి తీసుకుపోయేది కాదు, ఎర్ర చెల్కల్లోకే. మృగశిర కార్తెలో వాన పడి నేల తడిశాక మొలుస్తుంది, మక్కచేను మోకాలెత్తు పెరిగేసరికి గెట్ల మీద ఇదీ పెరుగుతుంది, చవితి వచ్చేసరికి ఆకు లేతగా, పూత అప్పుడప్పుడే మొదలై ఉంటుంది. దున్నకుండా వదిలేసిన బీళ్లు, బండ్లబాట పక్కలు, నీళ్లు నిలవని చోటు దానికిష్టం. ఎండ బాగా తగలాలి. కానుగ చెట్టు నీడలో ఒక్కటి దొరికేది కాదు. ఆకు గరుగ్గా ఉంటుంది, శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లో కూడా అదే ఉంది, లూకాస్ ఆస్పెరా. లూకాస్ అంటే గ్రీకులో తెలుపు, ఆస్పెరా అంటే లాటిన్‌లో గరుకు. తెల్లటి గరుకుది. పేరు పెట్టినాయన కూడా వేళ్లతో తడిమే ఉంటాడు.

ఆ పువ్వును మేము పీల్చేవాళ్లం. మెల్లగా లాగితే తెల్లటి భాగం మొత్తం చేతిలోకి ఊడి వస్తుంది, దాని కింది మొన నాలుక మీద పెట్టి పీలిస్తే సూదిమొనంత తీపి. ఒక్కోసారి తేనెతోపాటు చీమ కూడా వచ్చేది. ఇప్పుడు తీరిగ్గా చూస్తే ఆ పువ్వు పనితనం తెలుస్తుంది. కింది పెదవి వెడల్పుగా ముందుకు చాచి ఉంటుంది, తేనెటీగ వచ్చి దిగడానికి అరుగులాగ. పై పెదవి నూగుతో చిన్న గొంగడి కప్పుకున్నట్టు వంగి ఉంటుంది, కేసరాలు దాని కింద దాక్కుని ఉంటాయి. ఈగ తల లోపలికి దూర్చగానే పుప్పొడి దాని వీపుకు అంటుకుంటుంది. మేము పీల్చినప్పుడు ఎవరి వీపుకూ ఏమీ అంటలేదు, పాపం మొక్కకు దండగ. పువ్వు రాలినా పచ్చటి గిన్నె ఒకటి మిగులుతుంది, అందులో నాలుగు చిన్న గింజలు. ఎప్పుడు లెక్కపెట్టినా నాలుగే. ఒకటి తక్కువ ఉంటే ఎక్కడో రాలిపోయినట్టు.

ఇంక నా తప్పు గురించి చెప్పాలి. నాకు పదో పదకొండో ఏళ్లుండగా ఒక చవితికి నాయినమ్మకు జ్వరం. నేనే పోయి తెస్తానని గంప పట్టుకుని బయల్దేరాను, పెద్దమనిషినైపోయినట్టు. చీకటి పడుతోంది, దోమలు, ఆ తొందరలో దొరికినదల్లా తెంపాను. నియమం మాత్రం తప్పలేదు, ప్రతి కట్టెనూ పట్టి చూశాను, నాలుగు పలకలున్నదే తెంపాను. రెండో పరీక్ష, వాసన చూసేది, మర్చిపోయాను. మర్నాడు అమ్మ పప్పు పొయ్యి మీద పెట్టాక ఇల్లంతా ఏదో మందుల దుకాణం వాసన. బాపు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు చూశాడు, ఏమీ అనకుండా లేచి చెయ్యి కడుక్కున్నాడు. నాయినమ్మ మంచంలోంచే "గిదెవడు ఏశిండే అండ్ల, అడివి తులసి" అంది. జ్వరంలో ఉండి, కళ్లు కనపడకుండా, పక్క అర్రలోంచి! దాని లేత మొక్కలు కొన్ని తుమ్మిలో కలిసిపోయాయి. ఆకు వెడల్పు, దానికి తొడిమ ఉంటుంది, పట్టపగలు చూస్తే చిన్నపిల్లలు కూడా పోల్చుకుంటారు. నేను చీకట్లో వేళ్లను నమ్మాను.

ఆ అడవి తులసి ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. హనుమకొండ నుంచి ములుగు వైపు పోయే రోడ్డుకు రెండు పక్కలా మనిషెత్తు గుబురుగా పెరిగి ఉంటుంది, చిన్న చిన్న నీలం పూలు, బండి మీద పోతుంటే వాసన ముక్కుకు కొడుతుంది. చాలామంది మన అడవి మొక్కే అనుకుంటారు, మందుమొక్క అని దండం కూడా పెడతారు. దాని పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలం. పశువులు ముట్టవు, మేకలు కూడా మూతి తిప్పుకుంటాయి, మేకే వద్దన్నదాన్ని ఇంకెవరు ఆపుతారు? కానీ నాయినమ్మ దాన్ని కూడా ఊరికే పోనివ్వలేదు. ఎండిన కట్టెలు కోళ్లగూట్లో పరిచేది, కోళ్లకు పేలు పట్టవని. సందె వేళ పశువుల కొట్టంలో పొగ పెట్టేది, దోమలకు. దాని గింజలు నీళ్లలో వేస్తే సబ్జా గింజల్లాగే జిగురు కప్పుకుని ఉబ్బుతాయి. సబ్జా కూడా తులసి జాతిదే కదా, చుట్టరికం ఉంది.

చుట్టరికం అంటే పుదీనా దగ్గరికి రావాలి. మా ఇంట్లో పుదీనా జాలారు పక్కన ఉండేది. బోరింగు నీళ్లు, అంట్లు కడిగిన నీళ్లు పారే కాలువ ఒడ్డున, బండల సందుల్లో. ఎవరూ విత్తింది కాదు, పుదీనాను ఎవరూ విత్తరు. పక్కింటి నుంచి కాడ తెచ్చి గుచ్చితే అదే పాకింది, మా ఇంటి నుంచి ఇంకొకళ్లు పట్టుకుపోయారు, ఊరు మొత్తం పుదీనా బహుశా ఒకే మొక్క ముక్కలు. నాయినమ్మ దానికి ఒక్క మాట చెప్పేది, "దాని కాళ్లు తడవాలె, నెత్తి ఎండాలె." నీడలో పెడితే సన్నగా సాగిపోయేది, ఎండలో నీళ్లు లేకుండా పెడితే రెండు రోజుల్లో ముదురు గోధుమ రంగు. అది మా ఇంట్లో పూసినట్టు నాకు గుర్తు లేదు. ఎందుకు పూయదు అని ఆలోచించిందీ లేదు. పచ్చడికి ఆకు కావాలి, పువ్వెందుకు?

డిగ్రీలో బీజెడ్‌సీ, అంటే వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు, తీసుకున్నాను, తెలుగు మీడియం, తొంభైల్లో. మొక్కల కుటుంబాల చాప్టర్లో లేమియేసి వచ్చింది, తులసి, పుదీనా, తుమ్మి ఉండే కుటుంబం. పాత పుస్తకాల్లో లేబియేటే అని ఉండేది, లేబియం అంటే పెదవి. ఆ రోజు సారు బోర్డు మీద వరసగా రాస్తున్నారు: కాండం నాలుగు పలకలుగా ఉండును, ఆకులు అభిముఖ డెకుస్సేట్, పుష్పవిన్యాసం వర్టిసిల్లాస్టర్, ఆకర్షణ పత్రావళి ద్విఓష్ఠాకారం, కేసరాలు ద్విదీర్ఘం, ఫలం నాలుగు నట్‌లెట్‌లు. ఒక్కొక్క మాట రాస్తుంటే నాకు వెన్నులో ఏదో పాకినట్టయింది. నాలుగు పలకలు! రెండు పెదవులు! గిన్నెలో నాలుగు గింజలు! ఇది మా నాయినమ్మ చెప్పిందే కదా, సంస్కృతం కలిపి చెప్తున్నారు. పక్కనున్న అమ్మాయికి మెల్లగా చెబితే "నీకు పిచ్చి" అంది, ఆమె ఇప్పుడు కరీంనగర్‌లో టీచరు, పిల్లలకు ఇదే పాఠం చెప్తోంది.

ప్రాక్టికల్స్‌లో తులసి కాండం బ్లేడుతో పలచగా కోసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఆ పలకల రహస్యం బయటపడింది. నాలుగు మూలల్లో దళసరి గోడల కణాలు గుత్తులుగా ఉంటాయి, స్థూలకోణ కణజాలం అంటారు. పందిరికి నాలుగు మూలల్లో నాలుగు గుంజలు పాతినట్టు. మెత్తటి మొక్క నిలబడటానికి చేసుకున్న ఏర్పాటు. వాసన సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆకు మీద చిన్న చిన్న గ్రంథులుంటాయి, పైన పలచటి పొర, దాని కింద నూనె. చెయ్యి తగిలితే పొర చిట్లుతుంది. నాయినమ్మ నలిపినప్పుడు పగిలినవి అవే. ఇంకో మాట, మనం పచ్చడి చేసుకునే పుదీనాలో మెంథాల్ దాదాపు ఉండదు, దాని వాసన కార్వోన్ అనే వేరే పదార్థానిది. తలనొప్పికి రాసుకునే బాముల్లో చల్లగా అనిపించే మెంథాల్ ఇంకో జాతి పుదీనా నుంచి తీస్తారు, ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ చుట్టుపక్కల పొలాలకు పొలాలు వేస్తారు. ఆ చల్లదనం కూడా ఉత్తుత్తిదే. చర్మం చల్లబడదు, చలిని తెలిపే నరాన్ని అది గిల్లుతుంది, అంతే.

ఇక టేకు గొడవ.

మాకు టేకు కొత్త కాదు. ములుగు, ఏటూరునాగారం అడవుల టేకు గురించి అందరికీ తెలుసు. మటన్ టేకాకులో కట్టి ఇచ్చేవాళ్లు. లేత టేకాకును అరచేతుల మధ్య నలిపితే గోరింటాకు పెట్టినట్టు ఎర్రగా అవుతుంది, బడికి పోయే దారిలో అదో ఆట. ఒక ఆదివారం బాపుతో పాకాల వైపు పోయినప్పుడు చిన్న టేకు మొక్క ఒకటి నా నడుమెత్తు ఉంది, అలవాటు కొద్దీ దాని లేత కొమ్మ పట్టి తిప్పాను. నాలుగు పలకలు. అంత పెద్ద మానయ్యే చెట్టు, లేతప్పుడు నాలుగు పలకలు! సోమవారం క్లాసులో లేచి అడిగాను, సార్, టేకు కూడా లేమియేసియేనా అని. ఆయన ఒక నిమిషం చూసి, "కాదు, అది వేరే కుటుంబం, వెర్బినేసి. రేపట్నుంచి టేకాకు పచ్చడి చేసుకుంటావా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు టేకు పచ్చడి అని పేరు పెట్టారు, ఫైనలియర్ దాకా వదల్లేదు. ఆయన పేరు చెప్పను, మంచి సారే, పాఠం బాగా చెప్పేవారు, పుస్తకంలో ఉన్నదే చెప్పారు.

కానీ తమాషా ఏమిటంటే, అప్పటికే, ఆ తొంభైల మొదట్లోనే, టేకును, గుమ్మడిటేకును, వావిలిని వెర్బినేసి నుంచి తీసి లేమియేసిలో కలపాలని వృక్షశాస్త్రవేత్తలు రాసేశారు. పూలు ఏ క్రమంలో విచ్చుకుంటాయి, అండాశయం లోపల అండాలు ఎక్కడ అతుక్కుని ఉంటాయి అన్నవి చూసి చెప్పారట, తర్వాత డీఎన్ఏ పరీక్షలు కూడా దాన్నే బలపరిచాయి. మా సిలబస్‌కు ఆ వార్త చేరలేదు, అంతే. ఇప్పుడు ఏ కొత్త పుస్తకం తెరిచినా టేకు పుదీనా వాళ్ల ఇంటిపేరుతోనే ఉంటుంది. నాకు ఇది తెలిసిన రోజు, అప్పటికి పెళ్లయి ఇద్దరు పిల్లలు, వంటింట్లో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. న్యాయంగా చెప్పాలంటే నాలుగు పలకలుంటే చాలు అనుకుంటే కుదరదు. నల్లేరుకూ నాలుగు పలకలే, అది ద్రాక్ష కుటుంబం. రోడ్డు పక్క లాంటానాకూ నాలుగు పలకలే, ఘాటు వాసన కూడా ఉంది, అది ఇప్పటికీ వెర్బినేసిలోనే ఉంది. నేను అడిగిన ప్రశ్న సరైనదే, దానికి నేను చెప్పుకున్న కారణం సగమే. సారు మాత్రం ఆ సగం కూడా వినలేదు.

వావిలి అన్నాను కదా, మా వైపు వాయిలాకు అంటాం. వాగు ఒడ్డున, చెరువు మత్తడి కింద, నీళ్లు పారే చోట పొదలుగా ఉంటుంది, చేతివేళ్లలాగ ఐదు ఆకులు, కిందివైపు బూడిద రంగు. బాలింతకు ఆ ఆకు మరిగించిన నీళ్లతో స్నానం. మా పెద్దోడు పుట్టినప్పుడు ఇరవై ఒక్క రోజులు ఆ వేడినీళ్లు నా నడుం మీద గుమ్మరించింది నాయినమ్మే, అప్పటికి ఆమెకు బిందె లేవట్లేదు, చెంబుతో. నీళ్ల వాసనకు నాకు తల తిరిగేది. చవితి పత్రిలో సింధువారం అని చదువుతారే, అది ఇదే. ఆ ఇరవై ఒక్క పత్రుల్లో తులసి, మరువం, సింధువారం మూడూ ఈ ఇంటివాళ్లే. పూజలో ముగ్గురు, పళ్లెంలో తుమ్మి, బయటికి పోతే దర్వాజా టేకుది. పండుగంతా ఒకే కుటుంబం నడిపిస్తున్నట్టు లేదూ?

అడవి పుదీనాను నా కళ్లతో చూసింది మాత్రం మా నేల మీద కాదు. మన దగ్గర అది పెరగదు. 2016 ఆగస్టులో మా ఆయనకు ఆఫీసులో ఎల్టీసీ, అంటే సెలవులో ప్రయాణ ఖర్చు, వచ్చి కులూ, మనాలీ పోయాం. వానలు, బండ్లు ఆగిపోవడాలు, పిల్లల వాంతులు, అదంతా వద్దు. నగ్గర్ దగ్గర టీ తాగడానికి దిగితే, రోడ్డు పక్కన కొండ మీది నుంచి దిగే సన్నటి సెలయేటి వెంట, తడి రాళ్ల మధ్య, నడుమెత్తు మొక్కలు బారులుగా. కొసన పొడుగాటి కంకులు, లేత ఊదా రంగు. చెయ్యి దానంతటదే పోయింది. కట్టె పట్టాను, నాలుగు పలకలు. ఆకు నలిపాను, పుదీనా. కాదు, పుదీనాకు ఏదో కలిపినట్టు, కాస్త మొరటుగా, గొంతులోకి దిగే ఘాటు. ఆకుకు తొడిమ లేదు, కింద తెల్లటి నూగు. మెంథా లాంగిఫోలియా, పొడుగాకుల పుదీనా. మన పెరటి పుదీనా రెండు అడవి జాతులు కలిసి పుట్టిందంటారు, అందులో ఒకటి ఇదే. అంటే మన పుదీనాకు పుట్టింటి మనిషి.

అది నిలబడ్డ తీరు చూస్తే నాయినమ్మ మాట చెవిలో పడింది. కాళ్లు నీళ్లలో, నెత్తి ఎండలో. నేల కింద కాడలు అడ్డంగా పాకి రాళ్ల సందులన్నీ పట్టుకున్నాయి, వరదకు ఒక ముక్క తెగి కిందికి కొట్టుకుపోయి ఒడ్డుకు ఆగితే అక్కడ ఇంకో గుంపు. మా ఊళ్లో కాడను మనుషులు ఇంటింటికీ మోస్తే, ఇక్కడ ఏరు మోస్తోంది. అప్పుడే మొదటిసారి పుదీనా పువ్వును దగ్గరగా చూశాను. తుమ్మిలాగ పెదవులు లేవు, నాలుగు చిన్న రేకులు ఇంచుమించు సమానంగా, కేసరాలు బయటికి పొడుచుకుని. మన దగ్గర ఎందుకు పూయదో కూడా అక్కడే తట్టింది. పుదీనా పూయాలంటే పగలు పొడుగ్గా ఉండాలి. మన ఓరుగల్లులో ఎండాకాలం ఎంత మండినా పగలు పదమూడు గంటలకు కాస్త పైన, అంతే. అక్కడ జూన్‌లో పద్నాలుగు గంటలు దాటుతుంది. మా జాలారు పక్కన అది పూత కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఊరుకుందేమో. ఒక కాడ తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఢిల్లీ దాటేసరికి నల్లబడింది. మా ఆయన "చెప్పాను కదా" అన్నాడు. ఏమీ చెప్పలేదు నిజానికి.

నాయినమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఊళ్లో మా చెల్క పత్తి అయింది, గెట్ల మీద కూడా గడ్డిమందు కొడుతున్నారు, అది పడ్డాక తుమ్మి, గరిక ఏమీ మిగలవు. రోడ్డు వైపు సగం ప్లాట్లు. తమ్ముణ్ణి అనడానికి లేదు, కలుపుకు కూలీలు దొరకరు, దొరికినా ఇవ్వడానికి ఉండాలి కదా. తుమ్మి ఇప్పుడు చవితి ముందు రోజు కుమార్‌పల్లి మార్కెట్లో దొరుకుతుంది. ఎవరో ముసలమ్మలు పొద్దున్నే బస్సుకు మూటలు తెచ్చి గోనెపట్టా మీద కుప్ప పోస్తారు, చిన్న కట్ట ఇరవై రూపాయలు. పోయినసారి నాలుగు కట్టలు తెచ్చాను. రాత్రి కరెంటు పోయింది, సెల్‌ఫోన్ లైటు పెట్టి మా చిన్నోడూ నేనూ ఆకు గిల్లుతున్నాం. వాడికి చెప్పాను, కట్టె పట్టి చూడురా అని. వాడు ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో తిప్పి తిప్పి పెడుతున్నాడు, బాగానే చేస్తున్నాడు. ఒకచోట ఆగి, "అమ్మా, ఇదీ నాలుగు పలకలే గాని మందు వాసనొస్తోంది" అన్నాడు.

తీసుకుని చూశాను. లేత కొమ్మ, ఆకు వెడల్పు, తొడిమ. ఆ ముసలమ్మ ఎక్కడో చీకటితో తెంపి ఉంటుంది, దోమలు కుడుతుంటే.

పారెయ్యబుద్ధి కాలేదు. కిటికీ చువ్వల మధ్య గుచ్చాను. మర్నాడు పప్పులో తాలింపు పడేదాకా వంటింట్లో ఆ వాసనే.